ఆకుమడి ఇటుకలు

మొన్న మా అమ్మాయి మట్టి కొంది. ఇంట్లోకి కొనడానికి ఇంకేమీ మిగల్లేదు కాబోలు, మట్టి కొంది. కొరియరతను సంచీ మూడంతస్తులూ మోసుకొచ్చి గుమ్మంలో దించి, “ఓటీపీ చెప్పండి మామ్మగారూ” అన్నాడు. మట్టికి ఓటీపీ! ఉంటున్నది రాజమండ్రిలో. ఆటో ఎక్కితే కడియం నర్సరీలు, కావలసినంత మట్టి. అది వదిలేసి దేశం ఆ చివర్నుంచి ప్లాస్టిక్ సంచీలో తెప్పించుకోవడం ఏంటే అంటే, “అది మట్టి కాదమ్మా, హ్యూమస్. బాల్కనీలో టమాటాలకి” అంది. సరే, చూద్దామని కత్తెరతో సంచీ మూతి కోశాను. గుప్పుమని కంపు కొట్టింది. పాచిపోయిన కూరల గిన్నె మూత తీసినట్టు ఇల్లంతా కంపు.

“ఇది ఇంకా అవలేదే. కుళ్ళుతోంది” అన్నాను.

“హ్యూమస్ అంటే కుళ్ళినదే కదమ్మా” అంది మా అమ్మాయి. అది చాలదన్నట్టు ఏడో తరగతి చదివే మనవరాలు సైన్సు పుస్తకం తెచ్చి, నాకు అక్షరాలు రావన్నట్టు పైకి చదివి వినిపించింది. మొక్కల, జంతువుల అవశేషాలు కుళ్ళగా ఏర్పడే నల్లని పదార్థమట. నేలకి సారం ఇస్తుందట, తేమ పట్టి ఉంచుతుందట.

“కుళ్ళగా కాదే. కుళ్ళడం అంతా అయిపోయాక మిగిలేది” అన్నాను.

“రెండూ ఒకటే కదా అమ్మమ్మా.”

“ఒకటి కాదు.”

“మా మిస్ ఇలాగే రాయమన్నారు” అని పుస్తకం మూసేసి లోపలికి పోయింది.

ఆ తల్లికీ ఆ కూతురికీ చెప్పి లాభం లేదు. చెప్పబోతే ఒకరు ఫోను చూసుకుంటారు, ఒకరు నా మొహం జాలిగా చూస్తారు. అందుకని కాగితం మీద పెడుతున్నాను. కాగితం లేచి వెళ్ళిపోదు కదా.

హ్యూమస్ అన్న మాట వినకముందే ఆ వస్తువు నాకు తెలుసు. ముక్కుతో తెలుసు. తెలుసుకోవాలని నేనేమీ సరదా పడలేదు, మా నాయనమ్మ మెడలు వంచి మరీ తెలియజెప్పింది. మాది కాలవ కింద ఊరు. మట్టిగోడల తాటాకిల్లు, వెనక పశువులపాక, దాని వెనక పెంటపోగు. ఇంటి పెత్తనం మా పెదనాన్నది. మా నాన్న అన్నగారి మాటకి తల ఊపే మనిషి కనక ఇందులో ఆయన ఊసు ఇంతటితో సరి. కానీ పెంటపోగు పెత్తనం మాత్రం నాయనమ్మదే. అందులో పెదనాన్నకి కూడా మాట చెల్లేది కాదు.

ఆవిడ అనుమతి లేకుండా ఇంట్లోంచి ఒక్క ఆకు అవతల పడటానికి వీల్లేదు. పేడ సరే, పశువుల కాళ్ళ కింద నలిగిన గడ్డి సరే. పొయ్యిలో బూడిద, చెరిగిన పొట్టు, అరటి డొప్పలు, మామిడి తొక్కలు, కాలవలో పేరుకుపోయిన తూటికాడ, గుర్రపుడెక్క, అన్నీ ఆ పోగులోకే. ఎండాకాలం వీధిలో కూర్చుని పిల్లలం ముంజలు తిని డొక్కలు అక్కడే వదిలేస్తే, కేకేసి మరీ వెనక్కి తెప్పించేది. “ఎవరే ఆ డొక్కలు వదిలేసింది? తిండి రుచి తెలుసుగానీ తిన్నది ఎక్కడ పడెయ్యాలో తెలీదా?” అని. తక్కిన ఇళ్ళలో పిల్లలు తిని చేతులు కడుక్కునేవారు. మేం తిని, ఎంగిలి డొక్కలు ఒళ్ళో పోసుకుని, పాక వెనక్కి ఊరేగింపుగా వెళ్ళి, అప్పుడు చేతులు కడుక్కునేవాళ్ళం. నాకు ఒళ్ళు మండిపోయేది.

దీనికి తోడు పరీక్షలు. వేసవిలో పోగు తిరగేసేటప్పుడు అందులోంచి గుప్పెడు తీసి, ఆ చుట్టుపక్కల ఏ పిల్ల దొరికితే ఆ పిల్ల ముక్కు కింద పెట్టేది. ఎక్కువగా నేనే దొరికేదాన్ని.

“ఏం వాసనొస్తోందే?”

“పేడ కంపు నాయనమ్మా.”

“అయితే ఇంకా అవలేదు.”

మళ్ళీ కొన్నాళ్ళకి ఇంకో గుప్పెడు.

“ఇప్పుడో?”

“గడ్డి కుళ్ళిన కంపు.”

“ఇంకా అవలేదు.”

ఇలా నా చిన్నతనమంతా ముక్కు మూసుకునే గడిచింది. చివరికి ఒకరోజు ఆ గుప్పెట్లో పేడా ఉండేది కాదు, గడ్డీ ఉండేది కాదు. నల్లగా, పొడిపొడిగా, వేళ్ళకి అంటీ అంటనట్టు ఏదో ఉండేది. దానికి తొలకరి చినుకు పడ్డప్పటి వాసన. అప్పుడు ఆవిడ మొహం వెలిగిపోయేది. “చూశావా! కంపు పోయి వాసన రావాలే. ఏది పేడో ఏది గడ్డో దానికే తెలీకుండా పోవాలి. అప్పుడు మట్టిలో కలుద్ది. ముందే వేస్తే మొక్క వేళ్ళు మాడి చస్తాయి” అనేది. ఈ ముక్క ఆ సైన్సు పుస్తకంలో లేదు. సంచీ అమ్మినవాడికీ తెలీదు. తెలిసిన నా మాట మా ఇంట్లో ఎవరూ వినరు.

ఆ పోగు మీద మాకు కోపం ఎంతున్నా, చలికాలం పొద్దున్నే దాని మీదకెక్కి నిలబడేవాళ్ళం. లోపల మాగుతుంటుంది కదా, అరికాళ్ళకి వెచ్చగా ఉండేది. ఒకసారి మా పెదనాన్న కొడుకూ నేనూ కలిసి, అన్నీ మట్టైపోతాయంటుంది కదా చూద్దామని, పెదనాన్న చెప్పు ఒకటి అందులో పాతిపెట్టాం. ఆయన రెండో చెప్పు చేత్తో పట్టుకుని ఊళ్ళో కుక్కలన్నింటినీ తిట్టుకుంటూ తిరిగారు. పై వేసవిలో పోగు తిరగేస్తుంటే అది చెక్కుచెదరకుండా బయటపడింది. చెప్పు దాచినందుకు నాయనమ్మ ఒక్క మాటనలేదు. “కుళ్ళని వస్తువు నా పోగులో వేస్తారా?” అని మాత్రం ఇద్దరి చెవులూ మెలిపెట్టింది. ఆవిడ న్యాయశాస్త్రం అలా ఉండేది.

ఇంత రాద్ధాంతమూ దేనికంటే, ఆకుమడికి. వరినారుని మా వైపు ఆకు అంటారు. అది పోసే మడి ఆకుమడి. ఏరువాక రోజుల్లో కాలవలకి నీళ్ళు వదలగానే మొలకకట్టిన విత్తనం అక్కడ చల్లితే, అది ఎదిగాక పీకి కట్టలు కట్టి తక్కిన పొలమంతా ఊడుస్తారు. ఇంటికి దగ్గరగా ఉన్న చిన్న మడి అది. పోగులో మాగినదంతా ఏటా తట్టల్లో దానికే వెళ్ళేది. ఆ మడి మన్ను కాటుకలా ఉండేది. కాలు పెడితే మెత్తగా దిగేది. ఎండాకాలం పక్క మడులు నెర్రెలు విచ్చినా అందులో అడుగున తడి ఉండేది. ఆకు నిగనిగలాడుతూ వచ్చేది. వీధిలో ఎవరి ఆకు చచ్చినా, మిడతలు తిన్నా, అందరూ మా గుమ్మంలోకే వచ్చేవారు.

నాయనమ్మ లేదనేది కాదు. కానీ ఊరికే ఇచ్చేదీ కాదు, ఒక మాట అంటించి ఇచ్చేది. ఎదురింటావిడ మాకు వరసకి చుట్టం, నాయనమ్మని వదినా అని పిలిచేది. ఆవిడ వచ్చినప్పుడల్లా, “జాగ్రత్తగా పట్టుకెళ్ళమ్మా, మీ మడిలో దిగ్గానే ఇవి బెంగపెట్టుకుంటాయేమో” అనేది. ఆవిడ నవ్వుతూనే కట్టలు తీసుకునేది. కళ్ళలో మాత్రం నవ్వు ఉండేది కాదు.

ఇక్కడే అసలు సంగతి ఉంది. ఇన్నేళ్ళ తర్వాత తలుచుకున్నా నాకు ఒళ్ళు మండేదీ ఇక్కడే. నాయనమ్మ ఎప్పుడూ ‘నేను వేసిన ఎరువు’ అని చెప్పుకోలేదు. ‘మా మడి మన్ను’ అనేది. ఏటా వేసే ఎరువు ఆ ఏటి ఆకుకి తిండి, తినేస్తే అయిపోయింది. నలుపు మాత్రం నేల పుట్టుక, భూదేవి తన ఇంటి మీద చూపించిన దయ. అదీ ఆవిడ నమ్మకం. కొందరికి బంగారు ఛాయ ఎలా వస్తుందో ఆ మడికి ఆ నలుపు అలా వచ్చిందనుకుంది. ఆవిడే కాదు, ఇంటిల్లిపాదీ అలాగే అనుకున్నారు.

ఒక ఏడు గాలివానకి మా ఇంటి కప్పు సగం లేచిపోయి అవతల కొబ్బరితోటలో పడింది. చూరు పట్టుకుని రాత్రంతా నిలబడ్డానని పెదనాన్న చాలాకాలం చెప్పుకున్నారు గానీ, చూరు ఆగలేదు. ఇక తాటాకు వద్దు, ఈ వేసవిలో ఇటుకల ఇల్లు కట్టి తీరాలన్నారు. వానలు మొదలయ్యేలోగా గోడలు లేవాలి, లేకపోతే మళ్ళీ ఏడంతా ఆ కారే కప్పు కిందే అందరం. ఆ రోజుల్లో మా ఊళ్ళో ఇటుకలు కొనుక్కోవడమంటే నామర్దా. రెండో పంట దాళ్వా కోతలయ్యాక, కాలవలు కట్టేసిన రోజుల్లో, ఎవరి పొలంలో మన్ను వాళ్ళు తీయించి, అక్కడే ఇటుకలు కోయించి, అక్కడే బట్టీ పేర్చి కాల్పించుకునేవారు. సొంత మన్నుతో ఇల్లు అని చెప్పుకోవడంలో ఒక బడాయి ఉండేది. మన్ను మాత్రం ఎందుకూ కొరగాని చోటునుంచే తీసేవారు.

తుని వైపు నుంచి ఒక మేస్త్రీ మనుషుల్ని వెంటబెట్టుకుని దిగాడు. పెదనాన్న పొలమంతా చూపించి, మురుగుబోదె పక్కనున్న పల్లపు మడి ఖాయం చేశారు. అంతా సవ్యంగా జరిగిపోయేదే. మధ్యాన్నం అన్నాల దగ్గర నాయనమ్మ అడిగింది.

“ఏ మన్నుతోరా ఇల్లు?”

“బోదె పక్క పల్లపు మడిది అమ్మా. జిగురు బావుందంటున్నాడు మేస్త్రీ.”

“గరిక కూడా సరిగ్గా మొలవని మన్ను! దాంతో గోడలు పెట్టించి అందులో నన్ను పడుకోమంటావా?”

“ఇటుకలో గరికెందుకు మొలవాలమ్మా?”

“నాకు చెప్పకు. మంచి మన్నంటే అన్నిటికీ మంచిదే. ఆకుమడి మన్ను తియ్యండి.”

పెదనాన్న ముద్ద చేతిలోనే పట్టుకుని ఆగిపోయారు. “మరి ఏరువాకకి ఆకెక్కడ పోస్తాం?”

“అక్కడే పోస్తాం. మోకాటి లోతు తీస్తే ఏం కొంప మునిగింది? అడుగునున్నదీ ఆ మన్నే కదా. నేలకి అడుగుంటుందేంట్రా?”

ఇంత పెద్ద మాట అన్నాక ఎవరో ఒకరు కాదనాలి కదా! సాయంత్రం అరుగు మీద చేరిన పెద్దమనుషులంతా తలలూపారు. “ఆవిడన్నదాంట్లో న్యాయం ఉందండి. ఆకుమడి మన్ను అంటే మాటలా? ఆ ఇటుకకి తిరుగుండదు” అన్నారు. “అందరికీ దొరుకుద్దేంటండీ అలాంటి మన్ను” అన్నారు. ఎదురింటావిడ కూడా వచ్చి, మొహం ముడుచుకుని, “అదృష్టవంతులు వదినా” అని వెళ్ళిపోయింది. వ్యవసాయంలో తలలు పండిపోయిన మనుషులు! ఆ మన్నులో వరి ఎంత బాగా వస్తుందో అందరికీ తెలుసు. వరికి మంచిదైనది గోడకి మంచిదెందుకవుతుందని అడిగిన నాథుడు లేడు.

మేస్త్రీ ఒక్కడే మర్నాడు గుప్పెడు మన్ను తడిపి పిసికి, నసిగాడు. “ఆయ్, మన్ను కాస్త గుల్లగా ఉందండి అమ్మగారూ. పిడికిట్లో నిలబడట్లేదండి.”

“నీకు మంచి మన్ను అలవాటు లేదు నాయనా.”

“ఆయ్, మీ ఇష్టమండి.”

మా గోదావరి జిల్లాల మర్యాద మహా గొప్పదని అందరూ చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆ ‘మీ ఇష్టమండి’ గుర్తొచ్చినప్పుడల్లా పళ్ళు పటపటలాడతాయి. ఆ మాట బదులు ‘వద్దండి, ఇటుక నిలవదండి’ అని ఉంటే ఏం పోయేది? అన్నా నాయనమ్మ వినేది కాదేమో. అది వేరే సంగతి.

తవ్వకం మొదలైంది. పారకి పారెడు వానపాములు. కొంగలూ గోరింకలూ ఊరూరి నుంచి వచ్చి వాలిపోయాయి. మా పిల్లలకి మాత్రం పండగే. ఆ వానపాముల్ని కొబ్బరి చిప్పల్లో ఏరుకుని, కట్టేసిన కాలవ అడుగున మిగిలిన నీటిగుంటల్లో గాలాలు వేసేవాళ్ళం. ఆ వేసవంతా ఇంట్లో బొమ్మిడాయిల పులుసు. నాయనమ్మ పొద్దున్నే తరవాణి కుండ, ఉల్లిపాయలు, ఆవకాయ జాడీ పట్టుకుని మడి దగ్గరకి వచ్చి, పనివాళ్ళకి పోసి, తాటాకు గొడుగు కింద పీట వేసుకుని కూర్చునేది. అచ్చులోంచి ఇటుక బయటపడటం చూస్తూ, “ఎంత నల్లగా ఉందో చూడు, నల్లనువ్వుల చిమ్మిలిలా” అని మురిసిపోయేది. ఎండలో ఆరేసరికి ఆ ఇటుకలు బీటలిచ్చాయి. ఎండ ఎక్కువైందన్నారు. పైన గడ్డి కప్పారు. కప్పినా బీటలిచ్చాయి. గాలి ఎక్కువైందన్నారు.

బట్టీ పేర్చి, ఊక పోసి, పసుపు కుంకుమలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి నిప్పు పెట్టారు. మామూలుగా ఇటుకల బట్టీకి వచ్చేది ఊక పొగ. మా బట్టీ నుంచి వచ్చిన పొగ వేరు. పిడకల పొయ్యి మీద పాలు కాగుతున్నప్పుడు వచ్చే వాసన. వీధంతా అదే వాసన. నాయనమ్మ గాలి వచ్చే వైపు పీట మార్చుకుని మరీ కూర్చుంది. “చూశారా, నా మన్ను ఎంత కమ్మగా కాలుతోందో” అని దారిన పోయేవాళ్ళని పిలిచి చెప్పింది. వాళ్ళూ ఆగి, గట్టిగా పీల్చి, అవునండి, కమ్మగా ఉందండి అని వెళ్ళారు. ఇటుకలో మట్టి కాలితే వాసనుండదు. కాలిపోతున్నది ఆ మట్టిలో మాగి ఉన్న సారమే. ఏళ్ళ తరబడి పోగుచేసిన పేడా, గడ్డీ, తూటికాడా, మేం మోసుకెళ్ళిన ముంజ డొక్కలూ, అన్నీ కలిసి పొగై ఊరి మీదుగా పోతుంటే, ఊరంతా నిలబడి బాగుందని మెచ్చుకుంది.

బట్టీ చల్లారాక పెదనాన్న పైవరసలోంచి రెండిటుకలు తీసి ఒకదాంతో ఒకటి కొట్టారు. మంచి ఇటుక ఖంగుమంటుంది. ఇవి బొప్పాయి కాయ తట్టినట్టు దబ్బుమన్నాయి. మళ్ళీ కొట్టారు. ఒకటి చేతిలోనే రెండుగా విరిగింది. పైకి ఎర్రగానే ఉంది, లోపల బొగ్గులా నల్లటి మచ్చ, ఆ నలుపు చుట్టూ చీమలు తవ్వినట్టు కన్నాలు. ఇంకో వరస తీశారు. అదీ అంతే. ఒక ఇటుకని నీళ్ళ తొట్టిలో వేస్తే బుడబుడమని నీళ్ళు తాగి, అంచులు కరిగి, చేత్తో పైకి తీసేసరికి మూడు వంతులే వచ్చింది.

ఆ తర్వాత రెండు రోజులు మా అరుగు మీద జరిగిన చర్చ ఉందే, నా జీవితంలో అంత పనికిమాలిన చర్చ మళ్ళీ వినలేదు. ఊక తడిసిందని ఒకరు. నిప్పు పెట్టిన ఘడియ మంచిది కాదని ఒకరు. ఎదురింటావిడ దిష్టి పెట్టిందని మా పెద్దమ్మ. మేస్త్రీ కాల్చడం చేతకాని వాడని పెదనాన్న. “ఆయ్, నేను ముందే అన్నానండి” అని మేస్త్రీ. “ఏమన్నావయ్యా? మీ ఇష్టమన్నావు!” అని పెదనాన్న. మన్ను పేరు మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఆకుమడి మన్నుని అనుమానించడమంటే మా నాయనమ్మని అనుమానించడమే కనక ఎవరికీ నోరు రాలేదు.

నాయనమ్మ ఆ చర్చలో లేదు. బట్టీ దగ్గర కూర్చుని, విరిగిన ఇటుక ముక్కని పీట కోడుకేసి కొట్టి, పొడి చేసి, ముక్కు దగ్గర పెట్టుకుంది. మళ్ళీ ఇంకో ముక్క. నన్ను చూసి పిలిచింది.

“ఏం వాసనొస్తోందే?”

నేను వాసన చూశాను. ఏమీ రావడం లేదు. కంపూ లేదు, వాసనా లేదు.

“ఏమీ రావట్లేదు నాయనమ్మా.”

“సరిగ్గా చూడవే.”

“ఏమీ లేదు.”

ఆవిడ ఆ పొడిని ఒడిలోనే ఉంచుకుని కూర్చుంది. అంతవరకూ ఆవిడ అడిగిన ప్రతి వాసనకీ నేను విసుక్కునే సమాధానం చెప్పాను. ఆ రోజు మాత్రం ఏదో ఒక వాసన వస్తే బాగుండుననిపించింది.

మనిషి అక్కడితో ఆగితే మా నాయనమ్మ ఎందుకవుతుంది! మర్నాడు పొద్దున్నే, ఆ ఇటుకలన్నీ నలగ్గొట్టి మళ్ళీ ఆకుమడిలో పొయ్యమంది. నా మన్ను నాకిచ్చెయ్యండి అంది. పెదనాన్న తల పట్టుకున్నారు. “కాల్చిన మన్ను మళ్ళీ మన్నవుద్దా అమ్మా? ఉడికిన బియ్యం నాటితే మొలుస్తాయా?” అన్నారు. ఆవిడ వినిపించుకోలేదు. కూలీలు నవ్వుకుంటారని ఆయన మనుషుల్ని పెట్టలేదు. దాంతో ఆ పని మా మీద పడింది. పిల్లలందరం రోకళ్ళూ రాళ్ళూ పట్టుకుని, ఒళ్ళంతా ఎర్రగా చేసుకుని, దొరికినంత దంచి ఆ గోతిలో పోశాం. కాలవలకి నీళ్ళు వదిలాక ఆ మడిలో నీళ్ళు పారాణి కలిపినట్టు ఎర్రగా నిలబడ్డాయి.

ఆ నీళ్ళలోనే ఆకు పోశారు. వేరే చోట పోద్దామని పెదనాన్న అంటే ఒప్పుకోలేదు, ఏనాడూ వేరే చోట పోసింది లేదంది. మోకాటి లోతు తీసేసిన మడి గుంటైపోయింది కదా, వచ్చిన నీరు బయటికి పోదు. నల్ల మన్ను పోయాక కింద తేలింది పసుపుపచ్చని బంకమన్ను. తడిస్తే జారుడు, ఆరితే రాయి. మొలక కొంత కుళ్ళిపోయింది. బతికిన ఆకు బెత్తెడు లేచి, పచ్చకామెర్లొచ్చిన పిల్లల్లా నిలబడింది. అటు చూస్తే ఊరంతా ఊడ్పులకి సిద్ధం. ఇంటి మీద చూస్తే మళ్ళీ తాటాకు కప్పు, అదీ కొత్తది పూర్తిగా కప్పలేక పాతదాని మీద అతుకులు. మేం గిన్నెలు పట్టుకుని ఒక మూల నుంచి ఇంకో మూలకి తిరుగుతున్నాం. చేలో నాటడానికి ఆకు లేకపోతే ఆ ఏడు గింజలుండవు. ఇంత తెలిసీ ఎవరూ గుమ్మం దాటి వెళ్ళి అడగరు. ఎప్పుడూ ఇచ్చిన ఇల్లు కదా, అడగడానికి నోరు రాదు.

చివరికి నాయనమ్మే వెళ్ళింది. నన్ను వెంటబెట్టుకుని వీధి దాటి, ఎదురింటి అరుగు ఎక్కకుండా కిందే నిలబడి, “కాస్త ఆకు కావాలమ్మా” అంది. ఆవిడ గొంతు అంత చిన్నగా ఉండటం నేనెప్పుడూ వినలేదు.

ఎదురింటావిడ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. “మీ ఇటుకలు బాగా కాలాయంట కదా వదినా” అంది. వీధంతా వినేలా అంది. ఎన్నేళ్ళ బాకీయో అది! నాకు ఏడుపొచ్చేంత కోపం వచ్చింది. నాయనమ్మ మాత్రం తల దించుకుని, “కాలాయమ్మా. అన్నీ కాలిపోయాయి” అంది.

దాంతో ఎదురింటావిడ మొహం మారిపోయింది. గబగబా కిందికి దిగొచ్చి, నాయనమ్మ చెయ్యి పట్టుకుని అరుగు మీద కూర్చోబెట్టింది. “ఏంటొదినా అది, ఊరికే అన్నాను. మా మడంతా మీదే అనుకోండి” అని మజ్జిగ తెచ్చిచ్చింది. మా పొలానికి ఆ ఏడు ఊడ్చింది వాళ్ళ ఆకే. వాళ్ళది సన్నగా ఉందనీ, మనదంత ఏపుగా లేదనీ ఇంట్లో ఎవరో అనబోతే, నాయనమ్మ ఎవరి నోరూ లేవనివ్వలేదు.

ఊడ్పులయ్యాక ఒక సాయంత్రం పెదనాన్న ఆవిణ్ణి ఆకుమడి గట్టు మీదకి తీసుకెళ్ళారు. నేనూ వెనకాలే వెళ్ళాను. గట్టు కోసం తవ్వకుండా వదిలేసిన అంచుని ఆయన పారతో నిలువుగా చెక్కి చూపించారు. పైన గట్టుకంటా నల్లగా ఉంది. మోకాటి లోతు దగ్గర గీత గీసినట్టు ఆగిపోయింది. దాని కింద పసుపు మన్ను, బోదె పక్కన పల్లపు మడిలో ఉన్నదే.

“ఇదిగో అమ్మా. నీ మన్ను ఇంతే. కిందున్నది ఊరందరిదీ.”

ఆవిడ గట్టు మీద చతికిలబడి ఆ నలుపుని అరచేత్తో పైనుంచి కిందికి తడిమింది. తడుముతూ తడుముతూ గీత దగ్గర చెయ్యి ఆపింది.

“మా అత్తగారు చెప్పేదిరా,” అంది, “తను కాపరానికొచ్చినప్పుడు ఇది పసుపు మడేనంట. గరిక మొలిచేది కాదంట. ఒక్కో తట్టే మోసి మోసి నల్లగా చేశాననేది. ముసల్ది కోతలు కోస్తోందనుకున్నాను. మట్టికి రంగు మార్చడం మనిషి తరమా అని నవ్వాను కూడాను.” గీత మీంచి చెయ్యి తియ్యకుండానే, “అంటే ఇందులో నేను వేసింది కూడా ఉందంటావా?” అని అడిగింది.

“నువ్వు కాపరానికొచ్చిన దగ్గర్నుంచీ వేస్తున్నావు కదమ్మా. సగం నీదే అయ్యుంటుంది.”

ఆవిడ కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. అది ఏడుపో గర్వమో అప్పుడు నాకు తెలియలేదు. ఇప్పుడు మాత్రం కోపమే వస్తుంది. ఒక మనిషి తన రెక్కల కష్టాన్ని అంతకాలమూ దేవుడి దయ అనుకుని బతికింది. అది తన పనేనని తెలియడానికి, దాన్ని తన నోటితోనే బట్టీలో వేయించుకోవలసి వచ్చింది. ముందే ఎవరైనా చెబితే ఏం పోయేది? చెప్పిన ఒక్క మనిషినీ కోతలు కోస్తోందన్నారు.

ఇల్లు ఆ మరుసటేడు కట్టారు, ఇంకో ఊరినుంచి కొనుక్కొచ్చిన ఇటుకలతో. అవి ఖంగుమన్నాయి. అందరూ సంతోషించారు. కాని అంతకుముందే, ఎండలు ముదరగానే, నాయనమ్మ పోగు విప్పి, తట్ట నెత్తిన పెట్టుకుని ఆ గుంటలోకి దిగింది. నడుం వంగిపోయింది, ఒక చెయ్యి మోకాలి మీద ఆనించుకుని నడుస్తోంది. తట్టెడు పోస్తే ఆ పసుపు మడిలో అదెక్కడ పడిందో కూడా కనపడటం లేదు. పెదనాన్నకి చూసి చూసి విసుగొచ్చింది. గట్టు మీంచి అరిచారు.

“నీ జన్మలో అయ్యే పనేనా అమ్మా అది?”

ఆవిడ తట్ట బోర్లించి, చేత్తో అడుగు తట్టి, తలెత్తి చూసింది.

“మా అత్తగారి జన్మలో అయిందేంట్రా?”

ఆవిడ ఖాళీ తట్ట పట్టుకుని మళ్ళీ పోగు వైపు నడిచింది. అలా నడవగలిగినన్నాళ్ళూ నడిచింది. ఆవిడ పోయేనాటికి ఆ మడిలో పైపొర ఒక వేలి మందం రంగు మారింది. ఆ తట్టని మా ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.